నడుము కొలతకు కొన్న రైలు

భూమ్మీద తిరిగే రైళ్లన్నీ మా తాతయ్య టేపు పెట్టి కొలిచి, "ఊఁ, ఇక పోనివ్వండి" అన్నాకే కదిలాయి. ఇంజనీర్లంటారా, వాళ్లు టేపు రెండో కొస పట్టుకున్నారంతే.

నిజానికి తాతయ్య దర్జీ. కొట్టు మూసేసినా మెడలో టేపు మాత్రం తియ్యలేదు. పని లేని చేతులకు బొమ్మ రైళ్ల పిచ్చి పట్టింది. భోజనాల బల్లను ఆక్రమించి చుట్టూ పట్టాలు పరిచాడు. తన దగ్గరున్న ఇంజనుకు సరిగ్గా పట్టేలా అట్టతో స్టేషనూ, సొరంగమూ కట్టాడు. మిగిలిపోయిన ఆకుపచ్చ గుడ్డముక్కలు కొండలయ్యాయి. ఇంటిల్లిపాదీ నేలకు దిగి తిన్నాం. మోకాళ్లు వంగని నానమ్మ మాత్రం గోడకు ఆనుకుని నిలబడి తినేది. చివరికి ఆవిడ తేల్చేసింది. ఆదివారం అందరి ముందూ రైలు ఆగకుండా ఒక్క చుట్టు తిరిగితే బల్ల ఆయనది, ఆగితే తనది.

తాతయ్య మీసంలో నవ్వుకుని, పాత ఇంజను నత్తనడక నడుస్తోందని కొత్తది కొనడానికి వెళ్లాడు. బొమ్మల కొట్టాయన పాపం చెప్పబోయాడు. మీ ఇంట్లోది అసలు రైలులో ఎనభై ఏడో వంతు, ఇది డెబ్బై ఆరో వంతు, ఒళ్లు కాస్త పెద్దది, రెండూ ఒకే పట్టా మీద నడుస్తాయి గానీ అనేలోపే తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. చక్రాల మధ్య టేపు పెడితే పదహారున్నర మిల్లీమీటర్లు. ఇంట్లో పట్టాల వెడల్పూ అంతే. చక్రం కుదిరాక ఇంక మాటలెందుకని ఆయన నోరు మూయించి, ఇంటికొచ్చి ఆ కొట్టాయనకు బుర్ర లేదని మా బుర్రలు తిన్నాడు. ఒకసారి నడిపి చూడమంటే, ట్రయల్ వేసి చూసుకునేది చేతకాని దర్జీ అన్నాడు.

ఆదివారం రైలు బయల్దేరింది. పట్టాల మీద బుద్ధిగా ఒదిగింది. స్టేషను చూరుకు గీరుకుంటే, అది పలకరింపు అన్నాడు తాతయ్య. తర్వాత సొరంగంలో తల దూర్చి, బిగుతు చొక్కాలో ఇరుక్కున్న పిల్లాడిలా అక్కడే గింజుకుంది.

నానమ్మ కంచాలు పట్టుకునే వచ్చింది.

"నడుం ఒక్కటీ కొలిచి చొక్కా కుట్టేవాణ్ణి కొట్టు గడప తొక్కనివ్వనని ఊరంతా చాటేవారు కదండీ. మరి ఇతనెవరో?"

తాతయ్య పట్టాలు ఒక్కొక్కటే ఊడదీసి మంచం కిందికి చేరవేశాడు. నానమ్మ కుర్చీలో కూలబడి కాళ్లు చాపుకుంటే, ఎవరూ అడక్కుండానే గుడ్డ కొండ తెచ్చి ఆవిడ పాదాల కింద పెట్టాడు.

ఇప్పుడాయన రైల్వే మంచం కిందే. ఇదంతా రాసి, అక్కడే బోర్లా పడుకున్న ఆయనకు వంగి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"రైలు బానే ఉందే. సొరంగమే పొట్టిది. పదో తరగతి రెండుసార్లు తప్పినదానివి, నీకేం తెలుస్తుంది? ఆ కత్తెర ఇలా పడెయ్."