ఊపిరి వెంట చెయ్యి

నా చిన్నప్పుడు మా నాయన బేతంచెర్ల దగ్గర బండల గనిలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు, మీసం, చెవుల మీది వెంట్రుకలు అన్నీ రాతి దుమ్ముతో తెల్లబడి ఉండేవి. అప్పుడే ముసలోడివయ్యావని మా అమ్మ ఆటపట్టించేది. ముసలితనం చూసే రాత ఆయనకు లేదని అప్పుడెవరికీ తెలియదు.

మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, ఊళ్లో పసిపిల్లలకు నూనె రాసి నీళ్లు పోసేది. ఎంత గుక్కపట్టి ఏడ్చే బిడ్డయినా ఆమె కాళ్ల మీద పడుకోగానే మెత్తబడేది. ఒక ఉగాదినాడు తలంటుకు ముందు నాయనను పీట మీద కూర్చోబెట్టి వీపుకు ఆముదం రాస్తోంది. నూనె గిన్నె పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. ఉన్నట్టుండి ఆమె చెయ్యి నిలిచిపోయింది. ఎందుకు ఆపావని నాయన అడిగితే, మణికట్టు పట్టిందని చెప్పి మళ్లీ రాయడం మొదలుపెట్టింది. ఆ పండగ పూట చేసిన ఓళిగ, అదే బొబ్బట్టు, ఆమె ముట్టలేదు.

వానలు వెనకబట్టేసరికి నాయన గనికి పోలేకపోయాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుందని, దాన్ని తీసే మందు లేదని కర్నూల్లో డాక్టరు చెప్పి పంపాడు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. దుప్పటి దులిపితే దుమ్ము పోతుంది కదా, నాయన వీపు గట్టిగా రుద్దితే ఎందుకు పోదనుకున్నాను. జేజి రోజూ పొద్దుగూకే వేళ ఆముదంలో కర్పూరం వేసి వెచ్చచేసి ఆయన వీపు రుద్దేది. ఆ తర్వాత కాస్త కళ్లె పడితే దుమ్మంతా వచ్చేస్తోందని నేను సంబరపడేదాన్ని.

ఒకరోజు జేజికి జ్వరం వచ్చింది. నేను రుద్దుతానని పట్టుబట్టాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. నాయన బిగుసుకుపోయి దగ్గు తెరలో పడ్డాడు. జేజి మంచం దిగి వచ్చి నా చేతుల మీద తన చేతులు పెట్టింది.

"నూకద్దు పాపా. నాయన ఊపిరి ఇడిసేటప్పుడు నీ చెయ్యి దిగల్ల, తీసుకునేటప్పుడు లేయల్ల. నువ్వు గూడా ఆయనతోనే ఊపిరి తీసుకో. అప్పుడు చేతికి తెలుస్తాది."

అలాగే చేశాను. నేను తీసుకోబోయేలోపే అయిపోయేది ఆయన ఊపిరి. కాసేపటికే నాకు తల తిరిగింది, గుండె పట్టేసింది. ఉండబట్టలేక తలెత్తి ఒక పెద్ద ఊపిరి పీల్చుకున్నాను. నాయనకు అలా పీల్చుకునే వీలు లేదు. ఆ కొంచెం గాలితోనే ఆయన రేయింబగళ్లు బతుకుతున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇలా రుద్దితే దుమ్ము ఎప్పటికి పోతుందని తర్వాత వంటింట్లో జేజిని అడిగాను.

"పోదు పాపా. రేతిరికి రోంత కన్ను మూతపడితే సాలని రుద్దుతాండా."

మరుసటి ఉగాదికి తలంటు పోయించుకోవడానికి నాయన లేడు.

ఇప్పుడు నాకూ ఆనాటి జేజి వయసు వచ్చింది. మా పెద్దోడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేస్తున్నాడు. వద్దని మొత్తుకున్నాను. ఈడ ఇంకేం పని ఉండాదిమా అంటాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే కట్టుకుంటాడు. సాయంత్రం ఆ గుడ్డ దులపడం నా పని.

ఎవరి ఒంటి మీద చెయ్యి వేసినా వాళ్ల ఊపిరితో నా ఊపిరి కలిసిపోవడం ఆనాటి నుంచి నాకు అలవాటు. మొన్న ఉగాదినాడు మా వాడి వీపుకు ఆముదం రాస్తూ వాడితో పాటే తీసుకున్నాను, వాడితో పాటే వదిలాను. నాకు ఊపిరి చాలలేదు. చెయ్యి నిలిచిపోయింది. ఆ పండగనాడు జేజి చేతికి ఏం తెలిసిందో, ఓళిగ ఎందుకు ముట్టలేదో అప్పుడు అర్థమైంది.

"ఏమ్మా, నిలిపేసినావు?" అన్నాడు వాడు.

"ఏం లేదు నాయనా, మణికట్టు పట్టింది," అని మళ్లీ రాయడం మొదలుపెట్టాను.