కొరియా వాన, కోడుమూరు వాన

కొరియా హత్యల సినిమాలు నేను చూసినన్ని ఆ దేశపు పోలీసులు కూడా చూసి ఉండరు. కర్నూలులో మా ఇంటి పైగదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టుకొని, ఎండాకాలమంతా అదే పని. ఒక్కో సినిమాలో కురిసే వానతో మా జిల్లాకు మూడు పంటలు పండుతాయి. కాకపోతే అక్కడ వాన మొదలైందంటే ఎవరో ఒకరు పోయినట్టే. చంపేవాడు తొడ కొట్టడు, అరవడు. తాపీగా తడి మట్టి తవ్వుతుంటాడు. మొహం మాత్రం చివరిదాకా చూపించరు. ఆ తాపీతనానికే నాకు వెన్నులో చలి పుట్టేది.

ఈ జబ్బుతోనే ఈ యేడు కోడుమూరు దగ్గర మా అక్కవాళ్ల ఊరికి పోయాను. అక్కడ ఇంటిల్లిపాదీ ఆకాశం వైపే చూస్తున్నారు. తొలి చినుకులకు బావ వేరుశనగ విత్తాడు. ఆ తర్వాత చుక్క పడలేదు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే విత్తనం మట్టిలోనే మాడిపోతుంది. మళ్లీ విత్తే స్తోమత లేదు.

మధ్యాహ్నం అన్నాలు తినేవేళకు మబ్బు దిగింది. ఎంత చీకటంటే, కోళ్లు పొద్దుగూకిందనుకొని గంప కింద దూరాయి. వాన పడింది. వీధంతా బయటికొచ్చింది. నేను లోపలికి పోయి గడియ పెట్టాను.

"ఏందిరా, వానొస్తే తలుపేసుకునే మొగోన్ని ఈ సీమలో నిన్నే చూస్తాండా!" అని అక్క తలుపు బాదింది. "మీ బావ చేనికాడికి పోయినాడు. ఉరుములు శానా ఉండాయి. పోయి పిల్చుకోని రాపో."

నేను పోయేసరికి వాన వెలిసింది. పిట్ట కూత కూడా లేదు. చేను నడుమ, యూరియా సంచి తలమీదుగా కప్పుకొని, ఒక ఆకారం మోకాళ్ల మీద కూర్చొని ఉంది. చేతులతో మట్టి తోడుతోంది. మొహం కనబడదు.

"బావా!" అన్నాను. తిరగలేదు. కాస్త పక్కకు జరిగి ఇంకో గుంత తవ్వింది. ఎవరిని పూడ్చారో, ఎందరిని పూడ్చారో! గట్టు మీదే ఆగిపోయాను.

"ఏమప్పా, దయ్యాన్ని చూసినట్ల ఆడ్నే నిలబడినావు? రా ఇట్ల," అన్నాడు బావ, తలెత్తకుండానే.

"ఏం చేస్తాండావు బావా?"

"పదును చూస్తాండా. తడి యాడిదాకా దిగిందో."

గుంతలోకి వంగాను. పైన రెండు వేళ్ల మందం తడిసింది. దాని కింద బూడిద లాంటి పొడి మట్టి. ఆ పొడిలో విత్తనం. బావ దాన్ని తీసి, గోటితో నొక్కి చూసి, మళ్లీ కప్పెట్టాడు.

"బతికుండాదా?"

"ఇప్పటికి ఉండాది."

ఆ మాట ఆయన తాపీగా అన్న తీరుకు, ఏ సినిమాకూ పట్టనంత చలి పట్టింది నాకు. నేనూ చేను పల్లంగా ఉన్నచోట మోకాళ్ల మీద కూలబడి తవ్వాను. అక్కడ విత్తనం దాకా తడి ఉంది. "ఈడ తగిలింది బావా!" అని అరిచాను. బావ పరుగున వచ్చాడు. ఇద్దరం ఆ సాలు వెంట తవ్వుకుంటూ పోయాం. కొంత దూరం పోయాక మళ్లీ పొడి వచ్చింది.

బావ అక్కడొక రాయి పెట్టాడు. "ఈ పక్కది మొలుస్తాది," అన్నాడు.

ఆ పక్కదాని సంగతి నేను అడగలేదు.