గాజు మోగని చోటు

తప్పులు పట్టడం నా ఉద్యోగం. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికి చూపిస్తున్నాను. ఇంట్లో మా ఆయన నన్ను "కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం" అంటాడు. అననీ. ఆ గుణమే లేకపోతే బళేపేట గాజులంగడి మామ నాకు పరిచయమయ్యేవాడే కాదు.

తీరిక వేళల్లో నేను ఇంకోచోట కూడా తప్పులు పడతాను. పాత తెలుగు పుస్తకాలను చదివి, రికార్డు చేసి, అందరూ వినేలా ఇంటర్నెట్లో పెట్టే ఒక చిన్న బృందం ఉంది. జీతాలూ లేవు, బిరుదులూ లేవు. కొందరు చదువుతారు, కొందరు వింటారు. నేను వినేదాన్ని. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, రికార్డింగు చెవిలో పెట్టుకుని, పంక్తి వెంట వేలు నడిపిస్తూ వినాలి. పుస్తకంలో ఉన్నది చెవికి వినపడాలి, చెవికి వినపడింది పుస్తకంలో ఉండాలి. మా సూత్రమల్లా ఇదే. గొంతు తియ్యగా ఉందా, యాస ఏ ఊరిది అన్నది మాకు అక్కర్లేదు. తేడా కనబడితే నిమిషమూ సెకనూ రాసి వెనక్కి పంపుతాం. ఒక అధ్యాయం మూడుసార్లు వెనక్కి వెళ్ళిందంటే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నాలుగేళ్ళ కిందట మేం ఎత్తుకున్నది సామ్రాజ్యాల చరిత్ర. మిరియాల కోసం ఓడలెక్కి వచ్చినవాళ్ళు దేశాలకు దేశాలను ఎట్లా మింగారో చెప్పే లావుపాటి పాత పుస్తకం. ఫుట్‌పాత్ మీద కుప్పలో నాకే దొరికింది. అట్ట ఊడిపోయి, కాగితం అప్పడంలా పెళపెళలాడుతూ ఉండేది. ఫోన్‌తో ఒక్కో పేజీ ఫొటో తీసి చదివేవాళ్ళకు పంపాను. అసలు ప్రతిని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. పుస్తకంలో పెన్సిలు గీత కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు, అందుకే నా దరిదాపుల్లో ఎవరూ పెన్సిలు పట్టుకోరు.

చదువుతానని ముందుకొచ్చిన వాళ్ళలో అందరికంటే పెద్దాయన బళేపేట నుంచి ఫోన్ చేశాడు. మూడు తరాల గాజులంగడి వాళ్ళది. నేను "చెప్పండి సార్" అన్నాను.

"సార్ అనొద్దమ్మా. చరిత్ర సారు కావాలని నాకు శానా ఆశ ఉండె. టెన్త్ అయిన మర్నాడే మా నాయన తెచ్చి అంగట్లో కూచోబెట్టె. ఇంగ ఇప్పుడు సార్ అంటే నవ్వొస్తాది. మామా అను, చాలు."

రికార్డింగు ఎట్లా చేయాలో చూపించడానికి ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. షట్టర్లు ఇంకా లేవలేదు. సందులో టీ బండి ఒక్కటే మేలుకుని ఉంది. అంగడి పైన సరుకు గది. నాలుగు గోడలకూ పైకప్పు దాకా గాజుల అట్టపెట్టెలు, వాటి మధ్య ఒక స్టూలు. ఒక్కసారి గొంతు సవరించుకుని చూశాను, ప్రతిధ్వని అన్నది లేదు. ఇంత మంచి గది స్టూడియోల వాళ్ళకు కూడా దొరకదు మామా అంటే ఆయన మురిసిపోయాడు.

చదువుతూ తప్పు పోతే రెండుసార్లు చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మళ్ళీ చదవాలి. కంప్యూటర్ తెరమీద ఆ చప్పుడు నిటారు గీతలా కనబడుతుంది. అక్కడికెళ్ళి తప్పును కత్తిరించేస్తాం. ఇదంతా చెబితే మామ నవ్వాడు.

"చప్పట్లు ఎందుకమ్మా, గాజులకు కొదవా నాకు?" అంటూ పెట్టెలోంచి రెండు పచ్చగాజులు తీసి ఒకదానికొకటి తాకించాడు. టింగుమంది. అప్పట్నుంచి అదే గుర్తు.

మామ బాగా చదివేవాడు. ఆ పాతకాలపు గ్రాంథికాన్ని కూడా పొయ్యి దగ్గర కూర్చుని కథ చెప్పినట్టు చెప్పేవాడు. చిక్కల్లా ఒకటే, ఊరుకునేవాడు కాదు. నవాబు ఎవరో సంతకం పెట్టగానే "అయ్యో, పెట్టేసెనా! చదువుకుని పెట్టకూడదా అప్పా!" అనేవాడు. ఆ వెంటనే నాలుక కరుచుకుని, టింగు. మళ్ళీ చదువు. ఇంకో రెండు పేజీలకు "ఏం మాయగాళ్ళప్పా వీళ్ళు!" టింగు. కంపెనీ బస్సులో ఇవి వింటూ పగలబడి నవ్వేదాన్ని. వెనకనుంచి ఆయన భార్య గొంతు కూడా పడేది. ఆమెను నేను అత్తా అనేదాన్ని.

"తెల్లారేలోగా ఎవురితో కొట్లాట నీకు? కాఫీ ఆరిపోతాది, దొరల్ని రేపు తిట్టుకుందువు రా."

టింగు.

అవన్నీ నేనే కత్తిరించాను. అధ్యాయం ఇంటర్నెట్లోకి ఎక్కగానే, చోటు కోసం, అసలు రికార్డింగులు కూడా నా చేత్తోనే చెరిపేశాను. అది మా పద్ధతి. పద్ధతంటే పద్ధతే అనుకునేదాన్ని.

అట్లా ఎనిమిది అధ్యాయాలు గడిచాయి. తొమ్మిదోది కరువుల గురించి. అది మొదలుపెట్టే ముందు మామ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈ పుస్తకం నేను ఒప్పుకున్నదే దీనికోసరం. మా అవ్వకు అవ్వ, కరువులో పెనుగొండ పక్కనుంచి నడుచుకుంటా ఈ ఊరికి వచ్చిందంట. ఇద్దరు బిడ్డల్ని దోవలోనే పూడ్చిపెట్టి వచ్చింది. ఆమె పేరు గూడా మాకెవురికీ తెలీదు. ఆ కరువు ఈ పుస్తకంలో ఉండాది. దాన్ని నేనే చదవాల."

చదివాడు. కానీ ఎట్లా చదివాడు! ఏడుచోట్ల తిట్లు. వాటిలో ఒక్కదానికే గాజు మోగింది. మిగతావి నేనే గుర్తుపెట్టి వెనక్కి పంపాను. రెండోసారి తిట్లు రెండే గానీ, ఒకచోట ముక్కు చీదుకుని, ఒక పంక్తి మొత్తం దాటేశాడు. మళ్ళీ వెనక్కి పంపాను. బృందం నడిపే ఆయన నాకు మెసేజ్ పెట్టాడు. ఇంకొక్కసారి వెనక్కొస్తే ఈ అధ్యాయం సర్జాపురలో ఉన్న ఒకామెకు ఇద్దామన్నాడు. ఆమె గొంతు ఎంత బాగుంటుందో కూడా రాశాడు.

ఆ సంగతి మామకు నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఆమె బాగా చదువుతాదిలేమ్మా," అన్నాడు. మళ్ళీ వెంటనే, "ఒక్క వారం ఇయ్యి నాకు" అన్నాడు.

నాకా, ముక్కు మీద కోపం. ఆయన మీద కాదు, ఆ అధ్యాయం చేజారిపోతుందేమోనన్న భయం అట్లా బయటికొచ్చింది. "మామా, తిట్టడం తర్వాత పెట్టుకో. నోరు కట్టేసుకుని చదువు" అనేశాను.

"కట్టేసుకుంటాలే తల్లీ" అన్నాడు. అంత పెద్దాయనను అంత మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

వారానికి మూడో రికార్డింగు వచ్చింది. బస్సు ఎప్పట్లాగే వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో నిలబడిపోయి ఉంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. ఈ ఒక్కసారికి తప్పు లేకుండా ఉండాలి దేవుడా అనుకుంటూ, మామ కోసం ఊపిరి బిగబట్టి విన్నాను. రేవులో ధాన్యం బస్తాలు ఓడకెక్కుతున్నాయి, ఆ బస్తాల పక్కనే ఆకలికి లేవలేక మనుషులు పడి ఉన్నారు, ఓడ రేవు దాటిపోయింది. ఆ చోట ప్రతిసారీ నాకు ఆగదు, పైకే తిట్టేస్తాను. ఆ రోజూ అంతే. పక్కసీటు అమ్మాయి ఉలిక్కిపడి నా వైపు చూసింది. సారీ చెప్పి మళ్ళీ వేలు నడిపించాను. చివరిదాకా ఒక్క గాజు మోగలేదు. ఫారంలో "సరి" అని రాశాను.

అంతలోనే మామ ఫోన్. "ఆయ్తా అమ్మా?"

"ఆయ్తు మామా, అయిపోయింది. నీదే అధ్యాయం."

వారం తర్వాత డజను పచ్చగాజులు పంపాడు. నన్ను కొలత అడగలేదు, నా చేతికి అతికినట్టు సరిపోయాయి. అవి తొడుక్కుని ఆఫీసుకు వెళ్ళాను, కీబోర్డు మీద రోజంతా గలగల. ఎంత బాగుండేవి ఆ రోజులు! పనికి పోతూ కూడా ఎవరి కథో చెవిలో పెట్టుకుని పోయేదాన్ని.

పోయిన ఏడాది వానాకాలంలో మామ పోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, అంగట్లోనే. వెళ్ళి అత్తను చూసి వచ్చాను. ఏం మాట్లాడానో గుర్తులేదు.

రెండు నెలల కిందట ఒక శ్రోత ఫిర్యాదు నా వంతుకు వచ్చింది. "తొమ్మిదో అధ్యాయం, ముప్పై ఒకటో నిమిషం. చదివేవారు పుస్తకంలో లేనిదేదో మాట్లాడినట్టున్నారు. సరిచూసి తొలగించండి."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను విన్న అధ్యాయంలో తప్పా? పెట్టి విన్నాను. ఓడ రేవు దాటింది. ఊపిరి కూడా తీసుకోకుండా, అదే గొంతుతో, మామ అడిగాడు.

"కడుపుకు కూడు తింటాండారా, గడ్డి తింటాండారా అప్పా మీరు?"

ఆ వెంటనే తర్వాతి వాక్యం. గాజు మోగలేదు. తప్పనుకుంటే కదా మోగించేది! మరి నాకెట్లా వినపడలేదు? వినపడకేం. సరిగ్గా అక్కడే, ఆయన తొలి రికార్డింగుల్లో విని నోటికి పట్టిన అదే మాట, నేనూ బస్సులో పైకి అన్నాను. చెవిలో పడింది నా మాటే అనుకున్నాను.

రెండున్నర సెకన్లు. కత్తిరించడం చిటికెలో పని. తెరమీద ఆ ముక్క చుట్టూ గీత గీసి ఆగాను. ఇది పోతే మామ సొంత మాట ఎక్కడా మిగలదు. పాత రికార్డింగులు ఆయన ఫోన్లో ఏమైనా ఉన్నాయేమో కనుక్కుందామని అత్తకు ఫోన్ చేశాను.

"ఆ ఫోను ఎప్పుడో చెడిపోయెనమ్మా, పారేస్తిమి. ఎందుకు?"

"ఊరికే అత్తా. మామ గొంతు ఉంటుందేమోనని."

"గొంతుకేం, పుస్తకం ఉండాది కదా. మనవరాలు పెట్టిస్తే రోజూ పొద్దున్నే వింటా. అంతా బడిలో సార్లు చదివినట్ట చదివినాడు, ఎవురో పరాయాయన మాదిరి. ఆ కరువు దాంట్లో మాత్రం ఒకచోట, కూడు తింటాండారా గడ్డి తింటాండారా అంటాడు చూడు, ఆడ మా ఆయన ఉండాడు. ఆ మాట కాడికి వచ్చేసరికి కాఫీ కలిపి పెట్టుకోనుంటా. 'ఇంగ చాల్లే, రా' అంటా."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. తర్వాత లేచి ఇంట్లో పెన్సిలు ఉందా అని అడిగాను. మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాను.

పుస్తకం తీసి, ఓడ రేవు దాటిన వాక్యం పక్కన, అంచులో, చిన్న అక్షరాలతో మామ మాట మొత్తం రాశాను. ఆ తర్వాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వేలు నడిపిస్తూ, ముప్పై ఒకటో నిమిషం మళ్ళీ విన్నాను.

శ్రోతకు జవాబు రాశాను. "సరిచూశాను. పుస్తకంలో ఉంది."