పద్దెనిమిది నిమిషాల పాఠం, ఎనభై ఏడు ముక్కలు

జరిగినవన్నీ టైము వేసి రాసుకోవడం నాకు బడిలో పనిచేసిన రోజుల నుంచీ అలవాటు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక పాఠాలు ఆగాయి కానీ రాసుకోవడం ఆగలేదు. అందుకే ఆ శుక్రవారం ఏ గంటకు ఏం జరిగిందో తడుముకోకుండా చెప్పగలను. నేను చేసిన పొరపాటు కూడా ఆ నోటుపుస్తకంలోనే ఉంది, నా చేతిరాతలోనే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి పై వాటాలో అద్దెకుండే ఆమెది నల్గొండ వైపు పల్లె. ఆమె కూడా లెక్కల టీచరే. అత్తగారు మంచాన పడితే ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్లు సేవ చేసింది. ఆవిడ పోయాక మళ్లీ బడుల చుట్టూ తిరిగితే, వెళ్లిన ప్రతిచోటా ఆ ఎనిమిదేళ్ల ఖాళీ సంగతే అడిగారు తప్ప పాఠం సంగతి అడిగినవాళ్లు లేరు. ఎల్బీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు వాళ్లు మాత్రం ఖాళీ ఊసెత్తలేదు. ఒక పాఠం వీడియో తీసి పంపమన్నారు. షరతులు రెండే. మధ్యలో ఎక్కడా కత్తిరించకూడదు. శుక్రవారం సాయంత్రం ఐదులోగా మెయిలులో అందాలి.

మా ముందుగదిలో ట్యూషన్ల కోసం ఎప్పుడో గోడకు నల్లరంగు వేయించాను. గురువారం మధ్యాహ్నం ఆమె అక్కడ నిలబడి పాఠం చెప్పింది, నేను నా ఫోనుతో తీశాను. సుద్దముక్క రాత స్పష్టంగా పడాలని ఫోనులో ఉన్న పెద్ద క్వాలిటీ పెట్టాను. a మైనస్ b మొత్తం ఘనం ఎంత అన్నది పాఠం. పదకొండో నిమిషంలో చివరి పదం ముందు మైనస్‌కు బదులు ప్లస్ రాసింది. a కి రెండు, b కి ఒకటి పెట్టి సరిచూడబోతే ఒకటి రావలసింది మూడు వచ్చింది. ఒక్క క్షణం బోర్డు వంక చూసి, వేలితో గుర్తు తుడిచి, తప్పెక్కడ జరిగిందో చెప్పి, దిద్ది, ముందుకు పోయింది.

మళ్లీ తీద్దామన్నాను. నా పుస్తకంలో "11వ నిమిషం, మళ్లీ తీయాలి" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆమె ఒప్పుకోలేదు.

"పిల్లల ముందర గూడ గిట్లనే తప్పు పోతదమ్మా. గిట్లనే దిద్దుకుంటం. ఉండనీయిండ్రి."

నాకు నచ్చలేదు. కానీ పాఠం ఆమెది.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు మెయిలు చేయబోతే పోలేదు. పద్దెనిమిది నిమిషాల వీడియో, నిమిషానికి నూట ఇరవై చొప్పున రెండువేల నూట అరవై ఎంబీ అయింది. మెయిలులో ఇరవై అయిదుకు మించి పట్టదు. భాగించి చూశాను. ఎనభై ఆరు ముక్కలు, ఇంకా కొంత మిగులు. అంటే ఎనభై ఏడు మెయిళ్లు. ఒకవేళ ఓపిక చేసుకుని పంపినా, కత్తిరించకూడదన్నది వాళ్ల మొదటి షరతు. సైజు తగ్గించి చూశాం. మెయిలులో పట్టేంత తగ్గిస్తే బోర్డు మీద వర్గమేదో ఘనమేదో ఆనవాలు దొరకలేదు. లెక్కల పాఠంలో అది కనబడకపోతే ఇక కనబడవలసింది ఏముంది?

ఆమె ముఖం వాడిపోయింది. నాకు మాత్రం దారి తెలుసు. ఫైలును నెట్‌లో నా ఖాతాలోకి ఎక్కించి, దాని లింకు మెయిలులో పంపితే సరి. ఆమె ఖాతా పిల్లల ఫొటోలతో, పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలతో నిండిపోయింది. నాది ఖాళీ. ఏ రోజు చెత్త ఆ రోజే తీసేస్తాను.

9:10కి ఎక్కించడం మొదలుపెట్టాను. 9:30కి ఐదు శాతం ఎక్కింది. ఆ లెక్కన మొత్తానికి నాలుగు వందల నిమిషాలు. మూడూ యాభైకి పూర్తవుతుంది, ఐదుకు ఇంకా గంటా పది నిమిషాలు చేతిలో ఉంటుంది అని చెప్పాను. ఆమెకు నా లెక్క మీద అనుమానం లేదు, నా ముందుగది మీదే అనుమానం.

"ఈడ సిగ్నల్ ఏడుంటదమ్మా? మా ఆయన పోన్ మాట్లాడాల్నంటే డాబా మీదికే పోతడు. మీదికి పట్కపోదాం."

తీసుకెళ్లి కుర్చీ వేసి ఫోను దానికింద నీడలో పెట్టాం. తర్వాతి ఇరవై నిమిషాల్లో పది శాతం ఎక్కింది. వేగం రెండింతలు. 12:40కి అవుతుందని మళ్లీ రాసుకున్నాను. 12:43కి అయింది. ఎండ మళ్లిందని ఆమె కుర్చీ జరిపింది, ఆ మూడు నిమిషాలు అక్కడ పోయి ఉంటాయి.

ఇక పొరపాటు సంగతి. లింకు ఇచ్చేటప్పుడు ఎవరెవరు చూడవచ్చో మనమే పెట్టవచ్చు. నేను బడిలో పదకొండేళ్లు ప్రశ్నపత్రాల బీరువా తాళం దగ్గర ఉంచుకున్న మనిషిని. హెడ్మాస్టరు వచ్చి అడిగినా, సీలు వేసిన కవరు సంతకం లేకుండా ఇచ్చేదాన్ని కాదు. అదే పద్ధతిలో ఆ సెంటరు మెయిలు అడ్రసు ఒక్కదానికే అనుమతి పెట్టాను. ఒక ఆడమనిషి వీడియో దారినపోయేవాళ్ల చేతిలో పడకూడదు కదా. 1:10కి ఆమె మెయిలు నుంచి లింకు పంపించాం.

2:35కి నా ఫోనుకు ఒక కబురు వచ్చింది. ఎవరో తెలియని మనిషి ఆ వీడియో చూడటానికి అనుమతి అడుగుతున్నాడు. తిరస్కరించాను. 3:05కి అతనే మళ్లీ అడిగాడు. మళ్లీ తిరస్కరించాను. రెండుసార్లూ టైముతో సహా రాసుకున్నాను. రెండోసారి పక్కన "మొండివాడు" అని కూడా రాశాను. బీరువా భద్రంగా ఉందని తృప్తిగా ఒక కునుకు తీశాను.

మెయిలు పంపినా, అందిందో లేదో ఒకమాట ఫోను చేసి అడిగితే గాని ఆమెకు నిమ్మళం ఉండదు. నాలుగింటికి సెంటరుకు ఫోను చేసింది. 4:07కి మెట్లు దిగి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పాఠం చూసే సారు ఆయన సొంత మెయిల్ నుంచి తెరుస్తున్నడంట అమ్మా. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ వద్దన్నరంట. ఐదింటికి పేర్లు ఖాయం జేస్తరంట."

పుస్తకం తెరిచి ఆ రెండు వరసలూ ఆమె ముందు పెట్టాను. దాచడానికి ఏమీ లేదు, అన్నీ సిరాతో ఉన్నాయి. ఆమె చదివి, గడప మీద కూర్చుంది. ఎనిమిదేళ్ల తర్వాత ఒక్క తలుపు తెరుచుకుంటే దానికి తాళం వేసినదాన్ని నేను. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

4:11కి తాళం తీసేశాను. లింకు చేతిలో ఉన్నవాళ్లెవరైనా చూడవచ్చు. ఆమె ఫోను అడిగి తీసుకుని సెంటరుకు నేనే మాట్లాడాను. ఎత్తిన అమ్మాయి, సారు క్లాసులో ఉన్నారు, నాలుగున్నరకు గాని రారు అంది.

"వద్దన్నది నేనమ్మా, ఇంటి ఓనర్ని. ఆవిడకు ఈ సంగతే తెలియదు. ఇప్పుడు తీసేశాను, తెరుచుకుంటుంది. పాఠం పద్దెనిమిది నిమిషాలు. మీ సారు నాలుగున్నరకు మొదలుపెట్టినా ఐదుకు పన్నెండు నిమిషాల ముందే అయిపోతుంది. ఈ మాట అలాగే చెప్పు."

అలాగేనండి అని పెట్టేసింది. రాసుకుందో లేదో తెలియదు.

ఆ తర్వాత మేమిద్దరం చేసిన పనేమీ లేదు. ఆమె గడప మీద, నేను కుర్చీలో. నాలుగున్నర దాటాక గోడ గడియారం వంక చూడటం మానేశాను. చూస్తే పాఠం ఎంతవరకు వచ్చి ఉంటుందో లెక్క వేస్తాను, పదకొండో నిమిషం దగ్గర ఆగిపోతాను. 4:41కి ఆ చోటు వచ్చి ఉంటుందని చూడకుండానే తెలిసింది.

4:52కి ఫోను మోగింది. ఆమె స్పీకరు పెట్టింది. మాట్లాడింది ఆ సారే. మిగతా పాఠం గురించి ఏమీ అడగలేదు. ఆ గుర్తు తప్పు రాసి దిద్దడం, పిల్లలకు నేర్పడానికి ముందే అనుకున్నదా అని అడిగాడు.

అవునంటే ఎంత బాగుంటుంది అనిపించింది నాకు. నేనైతే అనేదాన్నేమో.

"ముందుగాల అనుకున్నది గాదు సార్. తప్పే రాసిన. సరిజూస్తే ఒకటి రావల్సింది మూడొచ్చింది. అప్పుడు దొరికింది, దిద్దిన."

ఆ సారు సోమవారం పదింటికి వచ్చి పిల్లల ముందు పాఠం చెప్పమన్నాడు. ఒక నెల చూస్తామన్నాడు. అంతే.

ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. తర్వాత నా పుస్తకం వంక చూసి నవ్వింది.

"టీచరమ్మా, ఇగ మీ ఇంట్ల మంచినీళ్లు గావాల్నన్నా అర్జీ పెట్టుకోవాల్నా?"

"పెట్టుకో. రెండోసారి అడిగించుకోనులే," అన్నాను.

ఆమె పైకి వెళ్లాక, "11వ నిమిషం, మళ్లీ తీయాలి" అన్న మాట కొట్టేశాను. "మొండివాడు" కూడా కొట్టేశాను. తిరస్కరించినట్టు రాసిన రెండు వరసలు మాత్రం అలాగే ఉంచాను. జరిగినవి జరిగినట్టే ఉండాలి.

సోమవారం ఆమె 8:40కే గేటు తీసింది. ఇక్కడి నుంచి ఎల్బీ నగర్ మెట్రోలో మూడు స్టేషన్లు. నడక, టికెట్టు, రైలు కోసం ఆగడం అన్నీ కలుపుకున్నా 9:20కి బయల్దేరితే చాలు. నలభై నిమిషాలు ముందు. ఆ లెక్క నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. కొత్త సుద్దముక్కల డబ్బా ఇచ్చి గేటు వేశాను.