మొదటి విన్నపం

ఎల్లారెడ్డిలో మా క్యాథలిక్ చర్చి చిన్నది. ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థన చదివే పని ఏళ్లుగా నాదే. మొదటి విన్నపం ఎప్పుడూ రోములో ఉండే మా పెద్ద, పోపుగారి కోసం. నేను చదవగానే అందరూ "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంటారు. మా అత్తమ్మ మాత్రం అనేది కాదు. రెండో విన్నపం నుంచి అందరికంటే గట్టిగా అనేది.

ఆమెది కేరళ, ఆర్థడాక్స్ కుటుంబం. నా భార్య ఇక్కడ నర్సు. మామ పోయాక అత్తమ్మ మా దగ్గరికి వచ్చేసింది. వాళ్ల చర్చి కావాలంటే హైదరాబాదు పోవాలి. అందుకే మా పూజకు వచ్చేది, ఫాదర్ క్రీస్తు శరీరంగా అప్పం పంచే సత్ప్రసాదం వేళకు మాత్రం బెంచీ మీదే కూర్చుండిపోయేది. ఏం మొండి మనిషి అని నేను ఇంట్లో నవ్వేవాణ్ని.

నిరుడు వానాకాలంలో గుండె జబ్బు ముదిరితే ఆమెను కామారెడ్డి ఆసుపత్రిలో చేర్చాం. చివరిసారి సత్ప్రసాదం కావాలంది. వాళ్ల ఫాదర్‌కు ఫోన్ చేస్తే సాయంత్రం వస్తానన్నాడు. అంతవరకు ఉంటుందని డాక్టరు చెప్పలేకపోయాడు. నేను ఆగలేక, ఆమెను ఒక్క మాటైనా అడగకుండా, మా ఫాదర్‌ను తీసుకొచ్చాను.

"ఆమె నోటితోని అడిగితే ఇస్త," అన్నాడాయన.

అత్తమ్మ ఆయనకు దండం పెట్టింది. నా వైపు తిరిగి, కూరగాయల అంగడిలో నేర్చుకున్న తెలుగులో అంది: "ఆయన మంచోడే కొడుకా. ఆయన చేతిల తీసుకుంటే మీ పోపు మా అందరి మీద పెద్ద అని ఒప్పుకున్నట్టే అయితది. మా నాయన ఒప్పుకోలే. నేనెట్ల ఒప్పుకుంట?"

"గిప్పుడు గదంత ఎందుకత్తమ్మా?" అని బతిమాలాను. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. పోపు పెద్దన్నలా ముందు కూర్చుంటానంటే ఎవరు కాదన్నారు? అందరి మీదా హుకుం నాదే అనబట్టి కదా రెండు చర్చిల మధ్య ఇంత దూరం! ఎక్కడో రోములో వేసుకున్న కుర్చీ కామారెడ్డి వార్డులో మంచానికి అడ్డం వచ్చింది. ఏటా జనవరిలో క్రైస్తవుల ఐక్యత కోసం వారం పాటు ప్రార్థనలు చేయిస్తారు. అవి చదివేదీ నేనే. సిగ్గేసింది.

మధ్యాహ్నం మూడింటికి ప్రాణం పోయింది. వాళ్ల ఫాదర్ ఐదింటికి వచ్చాడు. సత్ప్రసాదం డబ్బీ ఆయన సంచిలోనే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం నేను రెండో విన్నపం నుంచి, రోగుల కోసం చదవడం మొదలుపెట్టాను. పూజ అయ్యాక ఫాదర్ పక్కకు పిలిచాడు.

"మొదటిది మరిచినవా?"

"మరువలే, ఫాదర్."

ఆయన పుస్తకం కోసం చెయ్యి చాచాడు. ప్రార్థన పుస్తకం ఆ చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను.