సరిత గీసిన గడి

ఒక మాట ఏళ్ళ తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నన్నెరుగరు, కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బాన్సువాడలో పాఠాలు చెబుతాను. నా పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. అందులో సగం నాది కాదు. సగమేనా? అసలు నాదంటూ ఎంతుందో నాకే తెలియదు.

పీహెచ్‌డీ రోజుల్లో సరితా నేనూ ఒకే కిరాయి గదిలో ఉండేవాళ్ళం. మాది బీర్కూర్, చెరుకు పండించే ఇల్లు. ఆమెది నస్రుల్లాబాద్ దగ్గర తండా, చెరుకు కోతకు వెళ్ళే ఇల్లు. ఇద్దరికీ గైడు ఒకరే. తండా ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తారన్నది నా అంశం, కోత కూలీల బతుకు ఆమెది. చదువు సాగినంతకాలం పెళ్ళి మాట ఎత్తబోమని ఆమె ఇంట్లో ఒప్పుకున్నారు. ఆ ధైర్యంతోనే చదువుతుండేది.

పరిశోధనకు ముందు ఒక చట్రం తయారు చేయాలి. ఏది దేనికి దారితీస్తుందో గళ్ళు గీసి, బాణాలతో కలిపి చూపాలి. నేను పేదరికం, ఆచారం, బడి దూరం అని రాశాను. ఇవి ఎవరైనా రాస్తారు, నువ్వు చూసిందేది అని గైడు తిప్పి పంపారు. ఏడ్చాను. ఓ మధ్యాహ్నం సరిత బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపి, నా కాగితం మధ్యలో ఒక గడి గీసి 'జంట' అని రాసింది. కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ ఒంటరి మనిషిని కోతకు తీసుకోడట. ఒకరు నరకాలి, ఒకరు కట్ట కట్టి మోయాలి, ఆలుమగలైతేనే పని. అందుకని కోతల ముందు పిల్లకు పెళ్ళి చేస్తారు, బడి అక్కడితో సరి. వాళ్ళక్కకు అలాగే అయిందని చెప్పింది. తన చట్రానికి ఇదే ప్రాణమనీ చెప్పింది. మా చేలోకి జంటలే వచ్చేవారు. చిన్నప్పటి నుంచీ చూశాను. ఏం చూశాను?

సెమినార్‌లో నా వంతు ముందు వచ్చింది. ఆ గడిని నాదిగా చూపించాను. గైడు మెచ్చుకున్నారు. తరువాత సరిత అదే చూపిస్తే, తోటి పిల్ల కష్టాన్ని ఎత్తుకొస్తావా అని అందరి ముందూ మందలించారు. ఆమె నా వైపు చూసింది. నేను కాగితాలు సర్దుకున్నాను. భయమేసిందనీ, గైడు ఎదుట నోరు పెగల్లేదనీ, రేపు విడిగా చెబుదామనుకున్నాననీ ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను గానీ, నోరు పెగలకపోవడం కాదు. పెగలనివ్వలేదు.

బస్టాండ్‌లో అడిగింది.

"అక్కా, గా గడి నాదని సార్‌కు ఎందుకు చెప్పలె?"

"ఇద్దరం మాట్లాడుకున్నదే కదా, సరితా."

"మాట్లాడుకున్నం. మా అక్క పేరేందో ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

వేరే అంశం తీసుకోమన్నారు గైడు. సరిత తీసుకోలేదు, చదువే మానేసింది. ఆ ఏడు కోతలకు ముందే పెళ్ళి చేశారు. నన్ను పిలిచింది కూడా. వెళ్ళలేదు. ఇప్పుడు భర్తతో కలిసి కోతకు పోతుందని విన్నాను. నిజమో కాదో కనుక్కోవచ్చు, బస్సులో ఎంతసేపని? కనుక్కోలేదు. నిజమైతే ఏం చేయను?

క్షమించమని అడిగే ముఖం లేదు. క్షమిస్తుందనీ అనుకోను. ఆ ఆలోచన సరితది. నేను దొంగిలించాను. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. తేలికైనందుకు సిగ్గుగా ఉంది.