పెన్సిల్ టిక్కు

చిరిగిన చోటు ఇక కనబడకుండా చెయ్యడం ఆమె పని. వీధి మొత్తానికి ఆమె రఫూ అక్క. కోటుకి నిప్పురవ్వ తగిలినా, చీర మేకుకి పట్టుకుని చిరిగినా, ఆ బట్ట లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, చిల్లు మీద సూదితో నేసేది. పని బాగా కుదిరితే, చేసినట్టే ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ముందుగదిలో కిటికీ పక్కన అదే కుర్చీ, అదే వెలుతురు.

భర్త ఇల్లు వదిలి ఇరవై రోజులైంది. "మనకిక కుదరదు, విడిపోదాం" అని మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడు. మొన్న వచ్చి, శనివారం తీసుకెళ్తానంటూ కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. సంతకం చెయ్యాల్సిన మూడు చోట్లా పెన్సిల్‌తో చిన్న టిక్కులు. పెళ్ళయిన కొత్తలోనే మొదలైన అలవాటు అది. ఆయన టిక్కు పెట్టేవాడు. ఆమె సూదిని పెదాల మధ్య పట్టుకుని, చదవకుండా సంతకం గీకి, మళ్ళీ పనిలో పడేది.

ఆయన లేని ఇంట్లో ఇప్పుడు ఆ టిక్కులు తిరుగుతున్నాయి. గోడ బీటలో ఒకటి, పాలగిన్నె మసిలో ఒకటి. సాయంత్రం నాలుగు, ఆయన ఇంటికొచ్చే వేళ అయ్యేసరికి, గేటు చప్పుడు కాకపోయినా ఆమె చెవి లేచి కూర్చుంటోంది. మేకుకి ఆయన చొక్కా ఒకటి మిగిలిపోయింది. దాని కాలరుకి ఎప్పుడో తనే రఫూ చేసింది. ఆ చోటు కోసం ఎంత వెతికినా దొరకలేదు. ఈ ఇంట్లో తను ఎన్నడూ లేనట్టే అనిపించి, చొక్కా వదిలేసి చెయ్యి దులుపుకుంది.

గురువారం మధ్యాహ్నం వీధి చివరింటి లాయరమ్మ వచ్చింది, మోచేతి దగ్గర చిరిగిన నల్లకోటు పట్టుకుని.

"రఫూ అక్కా, రేపు కోర్టుంది. పరువు నీ చేతిలో ఉంది."

"కూర్చోండమ్మా, గంటలో ఇస్తా."

సూదిలో దారం ఎక్కలేదు. మూడుసార్లు తప్పింది. లాయరమ్మ చూపు బల్ల మీది కాగితాల మీద పడింది. "చదవొచ్చా?" అంటే ఆమె తలూపింది.

"ఇల్లెవరి పేరున ఉందక్కా?"

"ఇద్దరి పేరునా."

"విడాకుల సంగతి మొదటి రెండు పేజీల్లోనే ఉంది. మూడో పేజీలో, ఇంట్లో నీ భాగం ఆయనకి వదిలేస్తున్నావు. ఈ గదితో సహా."

"ఆయన అట్లాంటివారు కాదమ్మా."

"కాదనే అనుకుందాం. అయినా చదివే కదా సంతకం పెట్టాలి!"

ఆమె ఒళ్ళో కోటు బరువెక్కింది.

"శనివారం సంతకం పెట్టకు. గొడవా పడకు. ఇంటి కాగితాలన్నీ జెరాక్సు తీయించి నాకివ్వు. నీ సంపాదన ఎక్కడికి పోతోంది?"

"ఆయన ఖాతాలోకి."

"బాగానే ఉంది! నీ ఒక్కదాని పేరున ఖాతా తెరువు. ఆయన డబ్బు మాత్రం చాటుగా తియ్యకు, రేపు అదే నీ మెడకి చుట్టుకుంటుంది. సరే, ఈ ఇంటికి పెట్టిన డబ్బులో నీ కష్టం కూడా ఉందని రుజువేంటి?"

"నా పని కనబడితే అది పనే కాదు కదమ్మా."

ఇద్దరూ నవ్వారు. లాయరమ్మ నవ్వే ముందు ఆగింది.

రఫూ అక్క లేచి మంచం కింద నుంచి రేకు డబ్బాలు లాగింది. ఏ బట్టలో పోగులు మిగిలినా అట్టముక్కకి చుట్టి, ఎవరిదో, ఏ రోజో, ఎంతకో రాసి దాచేది. అదే బట్ట మళ్ళీ చిరిగితే రంగు కోసం వెతుక్కోనక్కర్లేదని. 'ముక్కోపి మాస్టారు, బూడిదరంగు కోటు.' 'బేకరీ వాళ్ళ కోడలు, పట్టుచీర.' ఇరవై రెండేళ్ళు. లాయరమ్మ ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసింది.

"వీటిలో ఒక్కటీ పారెయ్యకు," అంది చివరికి, గొంతు తగ్గించి.

శనివారం నాలుగింటికి గేటు నిజంగానే చప్పుడైంది. ఆయన కాగితాలు తిరగేశాడు.

"టిక్కులు పెట్టానుగా?"

"చూశాను. మూడో పేజీ చదివాను."

"ఎవరెక్కించారే నీకిదంతా? ఇన్నేళ్ళలో ఒక్క కాగితం చదివావా?"

"లేదండీ. అదే తలుచుకుంటే భయమేస్తోంది."

ఆయన కాగితాలు బల్ల మీద పడేశాడు.

"విడాకులు కావాలంటే ఇస్తాను. ఈ గది ఇవ్వను. మిగతాది మా లాయరమ్మతో మాట్లాడండి."

ఆయన మేకు మీది చొక్కా లాక్కుని వెళ్ళిపోయాడు. అందులో ఎక్కడో ఆమె నేసిన చోటు కూడా ఆయనతోనే వెళ్ళింది.

సోమవారం బ్యాంకులో గుమాస్తా ఫారం ఆమె వైపు తిప్పి, పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టాడు. "ఇక్కడ పెట్టండమ్మా."

చెయ్యి దానంతటదే కదిలింది. మొదటి అక్షరం సగం పడ్డాక ఆమె దాన్ని ఆపగలిగింది.

"ముందు చదువుకుంటాను బాబూ."

"అమ్మగారికి పరీక్షలనుకుంటా!" వరుసలో ఎవరో అన్నారు. నవ్వులు.

ఆమె ఒక్కో వరుస కిందా వేలు పెట్టుకుని చదివింది. భుజం మీదుగా ఎవరో వంగి, తెలిసిన ఊపిరితో తొందరపెడుతున్నట్టే ఉంది. వెనక్కి చూడలేదు. చివరి మాట దాకా చదివి, ఆగిపోయిన సగం అక్షరాన్ని పూర్తి చేసింది.